పొగడ్డానికి పుట్టినవాడు కుర్చీ అడిగితే

2012 జనవరి 2 రాత్రి, పశ్చిమాఫ్రికాలో సెనెగల్ దేశపు రాజధాని డాకార్‌లో ఒక పాటగాడు తన సొంత టీవీ ఛానల్లో జనంతో మాట్లాడాడు. పేరు యూసూ ఎన్‌డూర్. మన యూసుఫే అక్కడి నోళ్లలో యూసూ అయ్యాడు. ఫిబ్రవరిలో జరిగే దేశాధ్యక్ష ఎన్నికల్లో పోటీకి దిగుతున్నానన్నాడు. పై చదువు చదవనివాడు దేశాన్నేం ఏలతాడన్న వెక్కిరింత వస్తుందని అతనికి ముందే తెలుసు. అందుకే ఆ మాట తనే ఎత్తాడు. పెద్ద చదువు చదవని మాట నిజమే, అధ్యక్ష పదవి ఒక బాధ్యతే తప్ప వృత్తి కాదు, ఊళ్లు తిరగడం కూడా పుస్తకాలు నేర్పినంత నేర్పుతుంది అన్నాడు. వెక్కిరింత మాత్రం ఆగలేదు.

ఆ వెక్కిరింత మాకు కొత్తగా అనిపించలేదు. చదువు లేదని నవ్వే నవ్వు అడుగున ఇంకేదో ఉంటుందని మాకు తెలుసు. గీరి చూస్తే పుట్టుక కనిపిస్తుంది. యూసూ తల్లి గ్రియో కులం మనిషి. గ్రియోలంటే పాడేవాళ్లు. రాజుల వంశావళి ఒప్పజెప్పి, దొరల పెళ్లిళ్లలో డోలు వాయించి, పొగిడి, ఇచ్చింది పుచ్చుకుని బతికేవాళ్లు. మన దగ్గర రెడ్లకి గోత్రాలు చెప్పే పిచ్చుకగుంట్లవాళ్లు (ఇప్పుడు వంశరాజ్‌లంటున్నారు) గుర్తుకు రావడం లేదా? అలాంటి ఇంటి బిడ్డ ఎవరినో పొగడ్డం మానేసి, ఆ కుర్చీలో నేనే కూర్చుంటానన్నాడు. మేం ఈ కథ చెప్పడం అందుకే.

సెనెగల్లో నూటికి దాదాపు 95 మంది ముస్లింలు. మైనారిటీగా బతికేవాళ్లం కాబట్టి అలాంటి దేశం పేరు వినగానే మా ప్రాణం లేచొస్తుంది. అక్కడ పేరు చెప్పగానే ఇల్లు అద్దెకు లేదనరు. ఎక్కడో బాంబు పేలితే ఇక్కడ తల దించుకుని నడవక్కర్లేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. 1960లో స్వాతంత్య్రం వచ్చిన ఆ దేశాన్ని మొదటి ఇరవై ఏళ్లు ఏలింది కేథలిక్ అయిన సెంఘోర్, ఒక కవి. ముస్లింలు ఎక్కువున్న చోట వేరే మతంవాడు బతకలేడని తీరిగ్గా సంపాదకీయాలు రాసేవాళ్లు ఈ ఒక్క ముక్క ఎందుకు మర్చిపోతారో మాకు అర్థం కాదు.

కానీ ఆ దేశంలోనూ ఒక ముస్లిం ఇంకో ముస్లింకి పిల్లనివ్వడు. వొలోఫ్ సమాజంలో గేర్ అనేవాళ్లు పైవాళ్లు. నీనో అనేవాళ్లు చేతివృత్తుల కులాలు. కమ్మరులు, తోలుపని వాళ్లు, పాడేవాళ్లు అందులోకే వస్తారు. పాడేవాళ్లని వొలోఫ్‌లో గెవెల్ అంటారు. వాళ్లకి మసీదులో వరస ఒకటే, ఖురాన్ ఒకటే. నిఖా దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరి గడప వాళ్లది. ఒకప్పుడు చావు దగ్గర కూడా తేడా చూపించారు. గ్రియోని పాతిపెడితే నేల పాడవుతుందని, వానలు పడవని, పంట పండదని కొన్ని ప్రాంతాల్లో వాళ్ల శవాలని బావోబాబ్ చెట్ల తొర్రల్లో పెట్టేవాళ్లు. గోల్కొండ నయాఖిల్లాలో 'హతియాఁ కా ఝాడ్' అని మనవాళ్లు పిలుచుకునే చెట్టుంది చూడండి, ఏనుగు కాలంత మాను, లోపల మనుషులు దూరేంత తొర్ర, ఆ ఆఫ్రికా చెట్టే బావోబాబ్. దేశం స్వతంత్రమయ్యాక గానీ ఈ ఆచారం మీద నిషేధం రాలేదు. అంటే యూసూ పుట్టేనాటికి ఇది పాతకథ కూడా కాదు.

'ఇస్లాంలో కులం లేదు' అనే మాట మేం చిన్నప్పట్నుంచీ వింటున్నాం. కితాబులో లేదు, నిజమే. సయ్యద్‌ల ఇంటి పిల్లని దూదేకుల కుర్రాడికి అడిగి చూడండి, ఎక్కడుందో తెలుస్తుంది. తెలుగులో 'పింజారి' అనేది దూది ఏకే మనిషి పేరు. అదే తెలుగులో తిట్టు కూడా. ఆ తిట్టుని తన ఆత్మకథకి పేరుగా పెట్టుకున్నవాడు బుర్రకథ నాజర్. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చి, ప్రజానాట్యమండలితో ఊరూరా తిరిగి, బుర్రకథని బీదవాడి రాజకీయం చెప్పే కళగా మార్చాడు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 1997లో చనిపోయాడు. ఆయనని అందరూ బుర్రకథ పితామహుడన్నారు. ఆయన మాత్రం తన పుస్తకానికి 'పింజారి' అనే పేరు పెట్టుకున్నాడు. ఆ పేరులో ఉన్న ఉప్పు తెలిసినవాళ్లకి యూసూ కథ దూరంగా అనిపించదు.

యూసూ 1959 అక్టోబర్ 1న డాకార్‌లోని మెదీనా పేటలో పుట్టాడు. ఆ పేట పుట్టుక కూడా చెప్పుకోదగ్గదే. 1914లో ఊళ్లో ప్లేగు వచ్చింది. ఆ వంకతో ఫ్రెంచి దొరలు ఊరి నడిబొడ్డున ఉన్న నల్లవాళ్ల గుడిసెలు తీయించి, వాళ్లని దూరంగా తోలేశారు. తోలేసిన చోటుకి మెదీనా అని పేరు. రోగం అంటించేది బీదవాడేనని తీర్పు చెప్పడం పాలకులకి ఎప్పుడూ సులువే. 2020 వసంతంలో కరోనా వచ్చినప్పుడు మన దగ్గర ఆ తీర్పు ఎవరి మీద పడిందో గుర్తుంది కదా.

తండ్రి మెకానిక్, సెరేర్ తెగవాడు, గ్రియో కాదు. కొడుకు పాటలోకి వెళ్లడం ఆయనకిష్టం లేదు. చదువుకుని గౌరవంగా బతకాలని ఆయన ఆశ. అందులో తప్పేముంది? కులవృత్తి నుంచి పిల్లల్ని బయటికి లాగాలని చూడని బీద తండ్రి ఎవరు? కానీ పిల్లవాడి గొంతు తల్లివైపుది. పన్నెండేళ్లొచ్చేసరికే సున్తీ వేడుకల్లో పాడుతున్నాడు. పదహారేళ్లకల్లా డాకార్‌లో పేరున్న స్టార్ బ్యాండ్‌లో చేరాడు. ఆ తర్వాత తోటివాళ్లతో కలిసి ఎత్వాల్ ద డాకార్, 1980ల మొదట్లో సూపర్ ఎత్వాల్.

అతని మొదటి రాజకీయం ఇక్కడే ఉందని మేమంటున్నాం. అప్పటిదాకా డాకార్ క్లబ్బుల్లో గొప్పగా వాయించేది క్యూబా సంగీతం. పాడేది స్పానిష్. వినేవాళ్లలో నూటికి తొంభైమందికి అర్థం కాదు, పాడేవాడికీ సగమే అర్థమవుతుంది, అయినా అదే హోదా. ఆఫీసుల్లో ఫ్రెంచి, క్లబ్బుల్లో స్పానిష్, వంటింట్లో మాత్రం వొలోఫ్. యూసూ తరం ఆ వంటింటి భాషని మైకు ముందుకు తెచ్చింది. భాషతోపాటు డోలు కూడా వచ్చింది. సబార్ అనేది గ్రియోలు వాయించే డోలు. ఒక చేత్తో, ఒక పుల్లతో వాయిస్తారు. తామా అనేది చంకలో పెట్టుకుని వాయించే చిన్న డోలు, నొక్కేకొద్దీ మాట పలికినట్టే పలుకుతుంది. పెళ్లివాకిట్లో చిల్లరకోసం మోగిన ఈ డోళ్లని గిటార్ల పక్కన, సాక్సఫోన్ల పక్కన నిలబెట్టారు. ఆ సంగీతానికే మ్బలాక్స్ అని పేరు. కులం తక్కువ వాద్యం దేశమంతటి సంగీతమైపోయింది. మన దగ్గర డప్పు వేదికెక్కడానికి ఎంత కొట్లాట జరిగిందో ఒకసారి తలుచుకుంటే ఇదెంత పనో తెలుస్తుంది.

1985లో డాకార్ స్టేడియంలో పెద్ద కచేరీ పెట్టాడు. దేనికి? దక్షిణాఫ్రికా జైల్లో ఉన్న నెల్సన్ మండేలాని విడిచిపెట్టాలని. ఆ పేరుతోనే ఒక ఆల్బమ్ కూడా తెచ్చాడు. అప్పటికి మండేలా జైలుకెళ్లి ఇరవై ఏళ్లు దాటింది. ఆ మరుసటేడే ఇంగ్లండు గాయకుడు పీటర్ గాబ్రియేల్ రికార్డులో గొంతు కలపడంతో యూసూ పేరు బయటి దేశాలకి పాకింది. 1988లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ మానవహక్కుల ప్రకటనకి నలభై ఏళ్లయిన సందర్భంగా ప్రపంచమంతా తిరిగే కచేరీ యాత్ర నడిపింది. గాబ్రియేల్, స్టింగ్, బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, ట్రేసీ చాప్‌మన్, వాళ్ల పక్కన మెదీనా కుర్రాడు యూసూ. ఆ యాత్ర సెప్టెంబర్ 30న ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికీ వచ్చింది. అంటే ఈ గ్రియో బిడ్డ మన గడ్డమీద మానవహక్కుల కోసం పాడివెళ్లాడు. అంతకు ఏడాది ముందే మీరట్‌లో హాషింపురా జరిగింది. పి.ఎ.సి. జవాన్లు ముస్లిం కుర్రాళ్లని లారీ ఎక్కించి తీసుకెళ్లి కాల్చి కాలవల్లో పడేశారు. మీరట్‌కీ ఢిల్లీకీ మధ్య ఎంత దూరముందని?

1994లో నెనే చెర్రీతో కలిసి పాడిన 'సెవెన్ సెకండ్స్' ఐరోపా అంతా మారుమోగింది. యునిసెఫ్ రాయబారి అయ్యాడు, డబ్బు, పేరు అన్నీ వచ్చాయి. ఆ సంగతులు చాలామంది రాశారు. మాకు ముఖ్యం అనిపించేది 1999 తర్వాతి కథ.

యూసూ మురీద్ తరీఖాకి చెందినవాడు. సెనెగల్లో ముస్లింలందరూ దాదాపుగా ఏదో ఒక సూఫీ తరీఖావాళ్లే. మురీద్‌ల పీర్ షేక్ అమదూ బంబా. ఆయన కత్తి పట్టలేదు, అయినా ఫ్రెంచివాళ్లకి ఆయనంటే భయం. 1895లో పట్టుకుని గబాన్ అడవులకి ఏడేళ్లు, తర్వాత మౌరిటానియాకి నాలుగేళ్లు ప్రవాసం పంపారు. 1927లో పోయాడు. ఆయన పేరుమీద తూబాలో ఏటా జరిగే మగాల్‌కి లక్షలమంది వస్తారు. మన ఉర్సుల్లాంటిదే అనుకోండి. ఈ పీర్ల మీద, తమ ఇస్లాం మీద యూసూ ఒక ఆల్బమ్ మొదలెట్టాడు. కైరోలో ఫతీ సలామా వాద్యబృందంతో, పాట మాత్రం వొలోఫ్‌లో. 'ఈజిప్ట్' అని పేరు. ఇంతలో 2001 సెప్టెంబర్ 11 వచ్చిపడింది. అలాంటి రోజుల్లో ఇస్లాం మీద పాటలు తెస్తే జనం ఎలా తీసుకుంటారోనని ఆల్బమ్‌ని పక్కన పెట్టాడు. 2003 మార్చిలో అమెరికా ఇరాక్ మీద దాడికి దిగుతుంటే, తను చేయబోయే పెద్ద అమెరికా పర్యటన రద్దు చేసుకున్నాడు. ఆ సమయంలో వెళ్లి పాడితే యుద్ధానికి తలూపినట్టవుతుందన్నాడు. డబ్బు పోయింది, పోనిచ్చాడు.

2004లో 'ఈజిప్ట్' బయటికొచ్చింది. బయటి దేశాలు మెచ్చుకున్నాయి. సొంతింట్లో? క్లబ్బుల్లో జనాన్ని డాన్సులాడించేవాడు అల్లా పేరు, పీర్ల పేరు పాటలో పెడతాడా అని గోల. దుకాణాలవాళ్లు కాసెట్లు వెనక్కి పంపేశారు. 2005 ఫిబ్రవరిలో అదే ఆల్బమ్‌కి అమెరికావాళ్ల గ్రామీ అవార్డు వచ్చింది. అప్పటికి గానీ ఇంట్లో గాలి మారలేదు. నిన్నటిదాకా తప్పుబట్టిన నోళ్లే శభాష్ అన్నాయి.

ఇక్కడ మేం కాసేపు ఆగాలి. ముస్లిం కళాకారుడి బతుకు ఎప్పుడూ ఈ రెండు గోడల మధ్యే. బయటివాడు 'మంచి ముస్లిం'వి అని భుజం తట్టి, ఆ తట్టడంతోనే మిగతావాళ్లంతా చెడ్డవాళ్లని చెప్పకనే చెబుతాడు. లోపలివాడు నీ పాట హరామ్ అంటాడు. మన ఊళ్లలో పీర్ల పండక్కి డప్పు కొట్టొద్దని, దర్గాల్లో ఖవ్వాలీ ఎందుకని అడిగే కొత్త పెద్దమనుషులు ఈ ముప్పై నలభై ఏళ్లలో ఎంతమంది తయారు కాలేదు? యూసూ ఇద్దరికీ లొంగలేదు. అమెరికాలో పాడనన్నవాడే అల్లా మీద పాట మానననీ అన్నాడు. తర్వాత అతను ఎక్కిన మెట్ల గురించి మాకు వేరే అభిప్రాయాలున్నాయి గానీ, ఈ విషయంలో మాత్రం మా సలాం అతనికే.

పాటతో వచ్చిన డబ్బుని స్టూడియోలోనూ, క్లబ్బులోనూ పెట్టాడు. ఆ తర్వాత 2003లో ఒక దినపత్రిక, ఆ వెంట రేడియో. టీవీకి అనుమతి అడిగితే అబ్దులాయ్ వేడ్ ప్రభుత్వం నానబెట్టింది. చివరికి 2010లో ఛానల్ మొదలైంది. పొగిడే గొంతుకి సొంత మైకుంటే దొరకి నిద్ర పట్టదు. ఆ ఏడాదే ఒక ఉద్యమం కూడా మొదలెట్టాడు. 'ఫెకే మా చి బోలే' అని పేరు. నేనూ ఇక్కడే ఉన్నాను కాబట్టి ఇందులో నాకూ పాలుంది అని దాని భావం.

వేడ్ సంగతి కాస్త చెప్పుకోవాలి. 'సోపీ', అంటే మార్పు, అనే నినాదంతో 2000లో గెలిచాడు. గెలవగానే తూబా వెళ్లి మురీద్ ఖలీఫా ముందు మోకరిల్లాడు. అంటే పాలకుడూ, అతన్ని ఎదిరించిన గాయకుడూ ఒకే పీర్ మురీదులు. ఇది మతాల తగాదా కానేకాదు. పదేళ్లు గడిచేసరికి కరెంటు కోతలు, బియ్యం ధరలు, నిరుద్యోగం. ఇంకోవైపు కొడుకు కరీం చేతిలో ఎన్ని శాఖలంటే, జనం అతన్ని భూమికీ ఆకాశానికీ మంత్రి అని ఎగతాళి చేసేవాళ్లు. 2011 జూన్‌లో, మొదటి దఫాలో నాలుగో వంతు ఓట్లొస్తే చాలు గెలిచినట్టేనని రాజ్యాంగం మార్చబోయాడు వేడ్. జూన్ 23న జనం అసెంబ్లీని చుట్టుముట్టారు. బిల్లు వెనక్కి పోయింది. ఆ తేదీ పేరుతోనే ఎం-23 ఉద్యమం పుట్టింది.

ఆ వీధిలో యూసూ కంటే ముందున్నవాళ్లు ఇంకొందరున్నారు. కావ్‌లాక్ పట్నం నుంచి వచ్చిన కర్ గీ అనే ర్యాప్ బృందం కుర్రాళ్లు, కొందరు జర్నలిస్టు మిత్రులు కలిసి 2011 జనవరిలో 'యానామార్' అనే సంఘం పెట్టారు. ఇక చాలు, విసిగిపోయాం అని అర్థం. వాళ్లు పేటపేటకీ తిరిగి కుర్రాళ్లచేత ఓటు నమోదు చేయించారు. పాటలు కట్టారు, దెబ్బలు తిన్నారు, లాకప్పులకెళ్లారు. మాకు కుర్చీ వద్దు, కుర్చీలో ఎవడున్నా అడుగుతాం అన్నారు. యూసూ కుర్చీనే అడిగాడు. ఎవరి దారి సరైంది? మాలో మాకే ఈ విషయంలో వాదన ఉంది. కుర్చీ మురికిదని పుట్టుకతోనే కుర్చీ ఉన్నవాళ్లు చెబితే నమ్మబుద్ధి కాదు. ఎన్నడూ కుర్చీ చూడనివాడు అది అడగడమే ఒక ధిక్కారం. అందుకని 2012 జనవరిలో మేం అక్కడుంటే యూసూకే సంతకం పెట్టేవాళ్లం.

సంతకాల దగ్గరే కథ అడ్డం తిరిగింది. పార్టీ లేకుండా నిలబడేవాడికి 10,000 మంది ఓటర్ల సంతకాలు కావాలి. యూసూ 12,936 ఇచ్చాడు. జనవరి 27న రాజ్యాంగ మండలి తీర్పు చెప్పింది. సరిచూస్తే తేలినవి 8,911 మాత్రమేనంది. అర్జీ కొట్టేసింది. ఆ లెక్క నిజమే కావచ్చు. కానీ అదే రోజు అదే మండలి ఇంకో లెక్క కూడా చెప్పింది. రెండుసార్లకి మించి అధ్యక్షుడు కాకూడదన్న నియమం 2001లో వచ్చింది కాబట్టి 2000లో మొదలైన వేడ్ మొదటి పదవీకాలం లెక్కలోకి రాదు, 85 ఏళ్ల వేడ్ మూడోసారి నిలబడొచ్చు అంది. ఆ మండలిలోని ఐదుగురినీ నియమించింది అధ్యక్షుడే. బీదవాడి సంతకాలు భూతద్దంలో చూసినవాళ్లు దొర పదవీకాలం దగ్గర అద్దం తీసేశారు. ఓటరు జాబితాలో గంపగుత్తగా పేర్లు గల్లంతయ్యే బస్తీలవాళ్లం, ఈ గణితం మాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆ రాత్రి డాకార్ మండిపోయింది. ఫిబ్రవరంతా నడిబొడ్డున ఊరేగింపులు, బాష్పవాయువు, రాళ్లు. 17వ తేదీ శుక్రవారం నాడు పోలీసుల బాష్పవాయువు గుండు తీజానీల జావియాలోకి, మసీదులోకి పోయి పడింది. 95 శాతం ముస్లింలున్న దేశంలో ముస్లిం పాలకుడి పోలీసే మసీదులోకి పొగ వదిలాడు. ఆ వారమే యూసూ కూడా ఊరేగింపులో నడుస్తూ కాలికి దెబ్బ తిన్నాడు. పోటీ లేదని ఇంటికి పోకుండా వేడ్‌ని ఓడించమని ఊరూరా తిరిగాడు. ఫిబ్రవరి 26 మొదటి దఫాలో వేడ్‌కి 34.8 శాతం వచ్చాయి, మాకీ సాల్‌కి 26.6. మిగిలినవాళ్లంతా మాకీ వెనక చేరారు. మార్చి 25న మాకీ 65.8 శాతంతో గెలిచాడు. వేడ్ ఓటమి ఒప్పుకున్నాడు, సైన్యం బయటికి రాలేదు.

ఏప్రిల్‌లో యూసూ సాంస్కృతిక, పర్యాటక మంత్రి. అక్టోబర్‌లో సంస్కృతి తీసేసి పర్యాటకం ఉంచారు. పాటగాడి చేతిలోంచి సంస్కృతినే తీసెయ్యడం ఏం రాజనీతో మాకు తెలీదు. 2013 సెప్టెంబర్‌లో మంత్రివర్గం నుంచి బయటికొచ్చాడు. అధ్యక్షుడికి మంత్రి హోదా ఉన్న సలహాదారు అయ్యాడు.

ఈ పదవి మాకు ముల్లులా గుచ్చుకుంటుంది. ఒకప్పుడు రాజుగారి పక్కన గ్రియో ఉండేవాడు. వంశం పొగిడేవాడు, అవసరమైతే సలహా కూడా చెప్పేవాడు. ఇది ఆ చోటే కాదా? కుర్చీ అడిగినవాడికి కుర్చీ పక్కన స్టూలు వేశారు. యూసూ వద్దనలేదు. యానామార్ కుర్రాళ్లు మాత్రం వేడ్ పోగానే మాకీని అడగడం మొదలెట్టారు. అడగాల్సిన రోజులు కూడా వచ్చాయి. 2021 మార్చిలో, 2023 జూన్‌లో ప్రతిపక్ష నేత ఉస్మాన్ సొంకో కేసుల మీద వీధులు రగిలినప్పుడు పదులమంది కుర్రాళ్లు చచ్చిపోయారు. 2012లో మూడోసారి వద్దని వేడ్ మీద కొట్లాడి గెలిచిన మాకీ, తనే మూడోసారి నిలబడతాడా లేదా అని దేశాన్ని 2023 జూలై దాకా ఊపిరి బిగబట్టించాడు. 2024 ఫిబ్రవరిలో ఏకంగా ఎన్నికలే వాయిదా వేశాడు. ఈసారి రాజ్యాంగ మండలి దాన్ని కొట్టేసింది. మార్చి 24న ఎన్నిక జరిగితే, పది రోజుల కిందటిదాకా జైల్లో ఉన్న బసీరూ జొమాయ్ ఫాయ్ 54 శాతం ఓట్లతో మొదటి దఫాలోనే గెలిచాడు.

యూసూని మేం తప్పుపట్టి వదిలేయలేం. పొగడ్తకి పుట్టిన ఇంటినుంచి బయలుదేరి పత్రిక, రేడియో, టీవీ తనవి చేసుకుని, నాకూ పాలుందని అనగలిగిన చోటుదాకా వచ్చాడు. అక్కడినుంచి వెనక్కి ఒక అడుగు వేశాడు. ఆ అడుగు అతనొక్కడి బలహీనతేనా? పార్టీలు, కోర్టులు, చదువుకున్న కుటుంబాలు కలిసి ఎవరికి ఎంత దూరం దారి ఇవ్వాలో ముందే కొలిచి పెట్టిన చోట, ఒంటరి పాటగాడు వెళ్లగలిగేది ఎంత? మన దగ్గర అసెంబ్లీకి, పార్లమెంటుకి వెళ్లిన మా పేర్లు వేళ్లమీద లెక్కపెట్టుకుంటాం. వాటిలో దూదేకుల ఇంటిపేరు ఎన్నిసార్లు వినపడిందో కూడా ఒకసారి లెక్కపెట్టుకోవాలి.

యూసూ పాడుతూనే ఉన్నాడు. సెంఘోర్, జూఫ్, వేడ్, మాకీ, ఫాయ్, 2024 దాకా సెనెగల్ చూసిన అధ్యక్షులు ఈ ఐదుగురు. వాళ్లలో ఒకరు కేథలిక్, నలుగురు ముస్లింలు. గ్రియో ఒక్కడూ లేడు. 2012లో ఆ కుర్చీ అడిగిన గ్రియో బిడ్డ పేరు బ్యాలెట్ దాకానే రాలేదు.